రాయబారిగారి కిటికీ

నాన్నగారు మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నారు, ఆ మెట్లు ఇస్తాంబుల్‌లో మేమున్న రాయబార భవనానివే అని నాకు తెలుస్తూనే ఉంది కానీ తలెత్తి చూస్తే పైన భవనం లేదు, తెల్లటి ఆకాశంలోకి ఎక్కిపోతున్నాయి అంతే, కింద మాత్రం నీళ్ళు, అవి సముద్రమో, మా బూడా నగరం ఒడ్డున పారే డాన్యూబో తేల్చుకోలేకపోతున్నాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి నాకు గుర్తుంది, ఆయనకీ గుర్తున్నట్టే ఉంది, అయినా భోజనానికి వచ్చిన చుట్టం దగ్గర కోర్టు తగాదా ఎత్తనట్టు ఇద్దరం ఆ మాట ఎత్తడం లేదు. ఒంటి మీద కొలువు దుస్తులే ఉన్నాయి, బంగారు జరీ కాలరు, ఛాతీ మీద పతకాలు. ఒక బూటు వచ్చింది, రెండోది రావడం లేదు. నేను వంగి మడమ పట్టుకుని లాగితే అది ఊడి, లోపల్నుంచి గుప్పెడు ఎండుగడ్డి రాలుతుంది.

"ఎప్పుడొచ్చావమ్మా ఎటెల్కా?" అంటారు.

నాకు వింతగా ఉన్నది గడ్డి కాదు, ఆయన ఆ మాట హంగేరియన్‌లో అడగడం. మా నాన్నగారు కౌంట్ ఫర్కాష్ సిల్వాషి, వియన్నాలో ఉండే చక్రవర్తి తరఫున నాలుగు రాజధానుల్లో కొలువు చేసినవారు, నాతో ఫ్రెంచి మాట్లాడేవారు, కచేరీలో జర్మన్ మాట్లాడేవారు, మా భాష మాత్రం గుర్రాలతో మాట్లాడేవారు. చిన్నప్పుడు లాయం తలుపు వెనక నిలబడి, ఆయన ఒక ముసలి గుర్రం మెడ నిమురుతూ దాన్ని నా బంగారు తల్లీ అని పిలుస్తుంటే వినేదాన్ని. ఇప్పుడు అదే గొంతుతో నన్ను పిలిచారు.

ఇప్పుడే వచ్చానంటాను, ఎక్కడి నుంచి వచ్చానో నాకే తెలియకుండా. ఆయన జరిగి చోటిస్తారు. కూర్చుంటే, రాతిమెట్టు చల్లగా ఉండాల్సింది పోయి వెచ్చగా ఉంది, చేత్తో తడిమితే గడ్డి, పైన వాసాలు, వాసాల సందుల్లో పిచ్చుకలు, మా వీపు వెనక గుర్రాలు ముక్కులతో గాలి వదులుతున్న చప్పుడు. మెట్లు ఎప్పుడు పోయాయో, ఈ లాయం ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు, అడగాలనీ అనిపించదు.

ఇది తురుష్కుల రాజ్యంలోని షుమ్లా అని నాన్నగారు చెబుతారు, ఇరవయ్యేళ్ళ వయసులో ఒక చలికాలమంతా ఇక్కడే పడుకున్నానని. ఆ కథ నాకు కొంత తెలుసు. హంగేరీ దేశం చక్రవర్తి మీద తిరగబడిన సంవత్సరం అన్నదమ్ములిద్దరూ సైన్యంలో చేరారు, మా పెదనాన్న బెర్తలన్, మా నాన్నగారు. చక్రవర్తి తన బలం చాలక రష్యా జారును పిలిచాడు, రెండు సైన్యాల మధ్య మావాళ్ళు నలిగిపోయారు. పెదనాన్న తన సైనికుల్ని విడిచిపెట్టి రానని వాళ్ళతోబాటే రష్యావాళ్ళకు కత్తి అప్పగించాడు, వాళ్ళు ఆయన్ని చక్రవర్తికి అప్పగించారు, ఆ శరదృతువులోనే ఉరి తీశారు. నాన్నగారు డాన్యూబ్ దాటి తురుష్కుల నేల మీదికి పారిపోయి ప్రాణం దక్కించుకున్నారు. పారిపోయినవాళ్ళందరినీ పట్టి ఇమ్మని చక్రవర్తి అడిగాడు, జారూ అడిగాడు. మా ఇంటికి వచ్చి తలదాచుకున్నవాళ్ళను ఇచ్చేది లేదని సుల్తాను కబురు పంపాడు.

"ఆ కబురు మాకు ఇక్కడే తెలిసింది," అంటారు నాన్నగారు గడ్డిపరకను వేలికి చుట్టుకుంటూ. "అందరం ఏడ్చాం. నేను మాత్రం అన్నయ్య కోసం ఏడ్చాను. తనూ వచ్చి ఉంటే ఈ గడ్డిలోనే నా పక్కన పడుకునేవాడు కదా అని."

ఆయన నోట పెదనాన్న మాట వినడం నాకు ఇదే మొదలు. బతికుండగా ఆ పేరు వస్తే కిటికీ దగ్గరకు వెళ్ళి వాతావరణం గురించి ఏదో అనేవారు. ఇంకా చెబుతారేమోనని ఊపిరి బిగబట్టి కూర్చుంటాను, కానీ ఆయన లేచి లాయం తలుపు తోస్తారు, తలుపు అవతల ఎండ, ఎండలో మా నాయనమ్మ ఇంటి వసారా.

నాయనమ్మ నల్లబట్టల్లో నిటారుగా కూర్చుని ఉంది, పెదనాన్నను ఉరి తీసిన రోజు కట్టిన నలుపు మళ్ళీ విప్పలేదు. ఇది నేను చిన్నప్పుడు బండిలోంచి చూసిన రోజే, దిగవద్దని అమ్మ నా భుజం పట్టుకున్న రోజు, మాటలేవీ వినిపించని దూరం నుంచి చూసిన రోజు. ఇప్పుడు నేను వసారా స్తంభం పక్కనే ఉన్నాను, నన్నెవరూ చూడటం లేదు. క్షమాభిక్ష దొరికి నాన్నగారు స్వదేశం వచ్చాక చాలా ఏళ్ళు ఊరికే ఉన్నారు, వేటాడారు, పెళ్ళి చేసుకున్నారు, నేను పుట్టాను. ఆ తర్వాత చక్రవర్తికీ మావాళ్ళకూ రాజీ కుదిరింది, ఆయనే వచ్చి మా కిరీటం కూడా పెట్టుకున్నాడు, విదేశీ కొలువుల్లోకి హంగేరియన్ కుటుంబాల నుంచి కూడా మనుషులు కావాలన్నారు. అప్పుడు నాన్నగారు వెళ్ళారు. కొత్త దుస్తులు కుట్టించుకుని, తొలి ఉద్యోగానికి బయల్దేరే ముందు తల్లి ఆశీర్వాదం కోసం వచ్చారు.

నాయనమ్మ ఆ జరీ కాలరును చాలాసేపు చూస్తుంది. తర్వాత పనిమనిషిని పిలిచి, రాయబారిగారికి కుర్చీ వెయ్యమని చెబుతుంది.

"ప్రయాణం బాగా జరిగిందా మీకు?" అని కొడుకుని అడుగుతుంది.

నాన్నగారు కుర్చీ అంచున కూర్చుంటారు. వసారా అంతా ఒక్కసారిగా పొడవైపోతుంది, నాయనమ్మ ఆ కొసన చిన్న నల్లటి చుక్కలా మిగులుతుంది, ఆయన నా వైపు తిరుగుతారు. "నన్ను మీరు అంది ఎటెల్కా. నా కన్నతల్లి."

ఆ రోజు ఆమెకు ఏదో చెప్పాలనుకునే వెళ్ళానంటారు. మన గురించి వాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు, ఎలాగూ మాట్లాడుకుంటారు, ఆ బల్ల దగ్గర మనవాడొకడు లేకపోతే ఎట్లా అని చెప్పాలనుకున్నారట. దారి పొడుగునా ఆ మాటలు కూర్చుకుంటూ వెళ్ళారట.

"మరి చెప్పారా?"

"లేదమ్మా. ప్రయాణం బాగానే జరిగిందండీ అన్నాను."

ఆ మాట అంటూండగానే ఆయన ముందు తెల్లటి గుడ్డ పరిచిన బల్ల ఉంది, అది ఎక్కడ మొదలైందో తెలియదు, వెండి కొవ్వొత్తులు, పింగాణీ పళ్ళాలు, పళ్ళాల్లోకి మెల్లగా మంచు రాలుతోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. ఇది పీటర్స్‌బర్గ్. అమ్మ జ్వరంతో పోయిన ఊరు కాబట్టి మంచు వాసనతోనే గుర్తుపడతాను. నాన్నగారి పక్కన ఒక ముసలి రష్యన్ జనరల్ కూర్చుని ఉన్నాడు, చెవి దగ్గర వంగి చెబుతున్నాడు, సిల్వాషి అనే పేరు గల అధికారి ఒకాయన దగ్గర ఒకప్పుడు తాను కత్తి తీసుకున్నానని, చాలా మర్యాదస్థుడని, మీకేమైనా బంధువా అని.

నాన్నగారు మా అన్నయ్యే అంటారు. ఆ మర్యాద మా అమ్మ నేర్పిందే అంటారు. తర్వాత ఇద్దరూ భోజనం అయ్యేదాకా కౌజుపిట్టల వేట గురించి మాట్లాడుకుంటారు, నాన్నగారి నవ్వు చక్కగా, సరిగ్గా రావలసిన చోట వస్తుంటుంది, పళ్ళెంలో మంచు ఆయన వేళ్ళ దాకా పేరుకుంటుంది. ఆయన ఎంత బాగా చేసేవారో ఆ పని. ఎవరి పక్కన కూర్చోబెట్టినా ఆ మనిషి ఇంటికి వెళ్ళేటప్పుడు తానే తెలివైనవాణ్ణి అనుకుంటూ వెళ్ళేవాడు. ఆయన మాత్రం అతిథులు వెళ్ళిపోయాక ఖాళీ కుర్చీలను ఒక్కొక్కటిగా బల్ల కిందికి నెట్టుకుంటూ గదంతా తిరిగేవారు, నౌకర్లు చేస్తామన్నా వినకుండా.

బల్ల ఇప్పుడు ఇస్తాంబుల్ బల్ల. ఒక కొసన ఆయన, ఇంకో కొసన ఇంటి ఇల్లాలి కుర్చీలో నేను, అమ్మ లేదు కనుక పద్దెనిమిదేళ్ళకే ఆ కుర్చీ నాదైంది, మధ్యలో ఎవరూ లేరు. కిటికీల్లో బోస్ఫరస్ జలసంధి మెరుస్తోంది. ఒకప్పుడు పారిపోయి వచ్చి లాయంలో పడుకున్న రాజ్యానికే ఆయన చక్రవర్తి రాయబారిగా, నాలుగు గుర్రాల బండిలో వచ్చారు. రావడంతోనే ఆయనకు ఎదురైంది సాలిహ్ విషయం.

సాలిహ్ బోస్నియాలో మదరసా పంతులు. మా చక్రవర్తి సైన్యం బోస్నియాలోకి వెళ్ళినప్పుడు కొండల్లో జనాన్ని కూడగట్టి ఎదిరించాడు, ఓడిపోయాడు, అడవులు పట్టి నడిచి ఇస్తాంబుల్ చేరి ఏదో మసీదు నీడన దాక్కున్నాడు. అతన్ని అప్పగించమని అడగవలసిందిగా నాన్నగారికి ఉత్తర్వు వచ్చింది. ఉదయం ఫలహారం దగ్గర ఆ మాట విని నేను ఊరుకోలేకపోయాను, అప్పుడు మీరిక్కడికి వస్తే వీళ్ళు మిమ్మల్ని ఇవ్వలేదు కదా, ఇప్పుడు మీరెట్లా అడుగుతారని అడిగాను. ఆయన పెదవులు తుడుచుకున్నారు, రుమాలు మడిచి బల్ల మీద పెట్టారు, లేచి వెళ్ళిపోయారు. తర్వాత బతికిన రోజుల్లో ఎప్పుడూ దానికి జవాబు చెప్పలేదు.

ఇప్పుడూ ఆ కొసన కూర్చుని రుమాలు మడుస్తున్నారు. మడిచినకొద్దీ ఇంకా మడతకు వస్తోంది, వేలిగోరంత అయినా ఆగడం లేదు. లేచి వెళ్ళిపోతారేమోనని నేను బల్ల పొడుగునా నడిచి, పక్కన నిలబడి ఆయన మణికట్టు పట్టుకుంటాను. చెప్పండి నాన్నగారూ అంటాను.

చెబుతారు. సుల్తాను మంత్రి దగ్గరకు వెళ్ళారట, ముసలాయన, మెత్తటి మనిషి. వియన్నా నుంచి వచ్చిన పత్రం ఫ్రెంచిలో ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివారట. చదివి పక్కన పెట్టి, షుమ్లాలో నేర్చుకున్న టర్కీ భాషలో, నేను మీ లాయంలో పడుకున్నవాణ్ణి, ఆనాడు మీరు మమ్మల్ని ఇవ్వనన్నారు, వియన్నావాళ్ళు అడగమన్నారు కనుక ఇవాళ అడిగాను అన్నారట. కాదనడానికి ఆయనకు దారి చూపించాననే అనుకున్నారట. ఆయన కాదంటాడు, నేను ఆ కాదన్న మాట వియన్నాకు రాస్తాను, ఎవరి మర్యాద వాళ్ళకు దక్కుతుంది, పంతులు మసీదు నీడన బతికిపోతాడు అని.

"ఆయన నాకు కాఫీ పోయించాడు," అంటారు నాన్నగారు. "పోయించి అన్నాడూ, కౌంట్‌గారూ, ఆనాడు మా వెనక ఇంగ్లీషువాళ్ళ ఓడలున్నాయి, ఇవాళ ఎవరూ లేరు. అడగనని మీరు అనగలిగేవారు. ఇవ్వనని నేను అనలేను."

రుమాలు ఆయన వేళ్ళ మధ్య నుంచి మాయమవుతుంది. నేను చెయ్యి వదలను.

సాలిహ్‌ని ఆ వారంలోనే ఓడ ఎక్కించారు. ఎక్కడో కోటలో పెట్టారు, విచారణ దాకా బతకలేదు. నాన్నగారికి పతకం వచ్చింది. ఆయన ఛాతీ మీద వరసగా మెరుస్తున్నవాటిలో అది ఏదని అడుగుతాను, ఆయన గడ్డం ఛాతీకి ఆనించి వెతికి, అన్నీ ఒకలాగే ఉంటాయమ్మా అంటారు. ఆ తర్వాత కూడా కొలువులో ఎందుకున్నారని అడుగుతాను. నేను పోతే ఇంకొకడు వస్తాడు, వాడు సిగ్గు లేకుండా అడుగుతాడు, నేనైతే సిగ్గుపడుతూ అడుగుతాను అనుకున్నారట.

"సిగ్గుపడుతూ అడిగినా పోయినవాడు తిరిగిరాడు కదమ్మా. అది తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది."

ఇంతకంటే నాకేం కావాలి, ఇన్నేళ్ళూ ఎదురుచూసిన జవాబు ఇదే కదా, అయినా చేతులకు ఏమీ అందనట్టే ఉంది, గదిలో చలి అలాగే ఉంది. అప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని లేస్తారు, ఉత్తి కాళ్ళతో, చెక్కనేల మీద అడుగుల చప్పుడు లేకుండా నన్ను కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళి తెర వెనక నిలబెడతారు.

"నేనిక్కడ నిలబడేవాణ్ణి," అంటారు.

కింద గేటు. గేటు బయట గోడ వారగా సాలిహ్ తల్లి కూర్చుని ఉంది, కొడుకు వెనకే కొండలన్నీ దాటి వచ్చిన మనిషి. అతన్ని ఓడ ఎక్కించాక రోజూ వచ్చి కూర్చునేది, అరిచేది కాదు, రాళ్ళు విసిరేది కాదు, ఎండలో కూర్చుని సాయంత్రం లేచి వెళ్ళిపోయేది. కాపలావాళ్ళు తరిమితే అవతలి గోడ దగ్గర కూర్చునేది. ఒక రోజు నేను మంచినీళ్ళు పట్టుకుని గేటు దగ్గరకు వెళ్ళాను. ఇప్పుడు పై నుంచి నన్ను నేను చూస్తున్నాను, పద్దెనిమిదేళ్ళ పిల్ల, గొడుగు మరచిపోయి ఎండలో వంగి నిలబడి ఉంది, గ్లాసు నీళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. ఆమె తాగి, నోరు తుడుచుకుని, మూడు చిన్న మాటలేవో అంటుంది. కిటికీ అద్దం మూసి ఉంది, ఇక్కడికి వినపడదు.

"ఆమె ఏమందో నాకు తెలియలేదు," అంటారు నాన్నగారు. "నువ్వు పైకి వస్తుంటే అడగాలనుకుని, అడగలేక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఏమందమ్మా?"

అది శాపం అనుకున్నాను నేను. నాకు ఆమె భాష రాదు, ఎవరినీ అడగలేదు, శాపానికి అర్థం అడుగుతారా ఎవరైనా. కాన్సల్ కార్యాలయపు యువకుడితో నాకు కుదిరిన సంబంధం తప్పిపోయినప్పుడు ఆ మూడు మాటలే గుర్తొచ్చాయి. నాన్నగారు మంచాన పడ్డప్పుడు, నాయనమ్మ చివరి చూపులకు మేము అందనప్పుడు, ఎస్టేటు చేతులు మారి బూడాలో అద్దె గదుల్లో నేనొక్కదాన్నీ మిగిలినప్పుడు, ప్రతిసారీ ఆ మాటలే, ఒక్క అక్షరం చెడకుండా, చెవిలో గూడు కట్టుకున్నట్టు. నాన్నగారికి వచ్చు ఆ భాష, సరిహద్దు ఎస్టేటులో పనివాళ్ళతో తిరిగి నేర్చుకున్నారు. ఆయనకు వినిపించాలంటే భయంగా ఉంది. అయినా ఆయన చెవి దగ్గరకు వంగి అంటాను:

"యె లి సామ్?"

ఆయన పెదవులు కదులుతాయి. మళ్ళీ అనమంటారు. మళ్ళీ అంటాను. కింద గేటు దగ్గర గ్లాసు పట్టుకున్న పిల్ల కూడా తల కాస్త పక్కకు వంచి, వింటున్నట్టే ఉంది.

"ఒంటరిగా ఉన్నాడా, అని," అంటారు నాన్నగారు. "అంతేనమ్మా. అది ప్రశ్న. ఒంటరిగా ఉన్నాడా అని అడిగింది."

నేను తెర పట్టుకుంటాను. కొడుకు గురించి అడిగి ఉంటుందంటారు ఆయన నెమ్మదిగా, కోటలో ఒక్కడే ఉన్నాడా, పక్కన తోడెవరైనా ఉన్నారా అని, తల్లి కదా, ఇంకేం అడుగుతుంది. కావచ్చు నాన్నగారూ అంటాను. కానీ నాకు గుర్తుంది, ఆ మాట అనేటప్పుడు ఆమె తల పైకెత్తింది.

"ఈ కిటికీ వైపు చూస్తూ అడిగింది," అంటాను.

ఆయన తెర కాస్త పక్కకు జరిపి కిందికి చూస్తారు. కింద ఆ తల్లి ముఖం పైకెత్తే ఉంది, కోపం లేదు, దయా అని కూడా చెప్పలేను, బండిలో కొత్తవాడెవడైనా పక్కన కూర్చుంటే ఏ ఊరు బాబూ అని అడిగేటప్పుడు ఉండే ముఖం. పతకాలు ఒకటొకటిగా చప్పుడు లేకుండా రాలిపోతున్నాయో, లేక ఎండ వెలుగులో కలిసిపోతున్నాయో, ఛాతీ మీద ఏవీ కనిపించడం లేదు.

"నువ్వేం చెప్పావు?" అంటారు చివరికి.

"నాకు అర్థం కాలేదు కదా. తల ఊపాను."

"ఎట్లా ఊపావు?"

"ఔనన్నట్టు."

ఆయన ఊపిరి వదులుతారు, లాయంలో గుర్రాలు వదిలినట్టు, పొడుగ్గా. "సరిగ్గానే చెప్పావమ్మా," అంటారు. నా తల మీద చెయ్యి పెట్టి నిమురుతారు, నుదుటి నుంచి మెడ దాకా, నా బంగారు తల్లీ అంటారు. తెర వెలుగుతో నిండిపోతోంది, అద్దం పలచనవుతోంది, నేను ఇంకా ఏదో చెబుతున్నాను, గట్టిగా చెబుతున్నాను, ఆయన వింటున్నారు, వింటూనే పలచనవుతున్నారు.

మెలకువ వచ్చింది. తెల్లారి చాలాసేపయినట్టుంది, బూడా కొండ మీద గంటలు మోగి ఆగిపోయాయి, దిండు తడిగా ఉంది. తలుపు నెట్టుకుని పనిమనిషి పెర్జి లోపలికి వచ్చింది. నా కంటే పెద్దది, ఆవిడా నేనూ ఈ అద్దె గదుల్లోనే చాలా ఏళ్ళుగా ఉంటున్నాం. కాఫీ ట్రే పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయి, గదంతా ఒకసారి చూసింది.

"మాటలు వినపడితే ఎవరో వచ్చారనుకున్నానండి," అంది. "ఒక్కరేనా అమ్మగారూ?"

ట్రేలో రెండు కప్పులున్నాయి. రెంటిలోనూ కాఫీ పోసి, ఒకటి తననే తీసుకోమన్నాను.